మాటల పొలిమేరలో కావలి: సెషన్ బోర్డర్ కంట్రోలర్ పుట్టుపూర్వోత్తరాలు

2011 ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి గడపనూ తట్టి చూసే పని ఎవరో పెట్టుకున్నారు. అప్పటి ఐపీ చిరునామాలు మొత్తం 429 కోట్లు. సాలిటీ అనే వైరస్ సోకిన దాదాపు 30 లక్షల కంప్యూటర్లు, వాటి యజమానులకు తెలియకుండానే, ఆ చిరునామాలను తలా కొన్ని పంచుకుని 12 రోజుల పాటు తిరిగాయి. ఒక్కో యంత్రం పంపింది కొద్దిపాటి ప్యాకెట్లే కనక ఎక్కడా ఎవరికీ అనుమానం రాలేదు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఎవరూ వాడని చిరునామాలకు వచ్చే ప్యాకెట్లను కనిపెట్టుకుని ఉండే పరిశోధకులు ఉన్నారు. వాళ్ళ కంట పడితే గానీ ఈ సంగతి లోకానికి తెలియలేదు. ఆ ప్యాకెట్లు తట్టిన పోర్టు నంబరు 5060. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ వ్యవస్థలు పిలుపుల కోసం చెవి ఒగ్గి ఉండే పోర్టు అది. ఆ 30 లక్షల యంత్రాలూ అడిగింది ఒక్కటే: ఇక్కడ ఫోన్ ఎక్స్ఛేంజి ఉందా?

ఉందని జవాబు వచ్చిన చోట తరవాతి పని మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఊహించడం, పాస్‌వర్డులు వరసగా కొట్టి చూడడం, ఒక్కటి దొరికినా ఆ కంపెనీ ఖర్చుతో దూరదేశాలకు ఫోన్లు కలపడం. ఇలాంటి దొంగలకు అడ్డు ఒకటి ఉంది. బ్యాంకుకో, కార్పొరేట్ ఆస్పత్రికో, కాల్ సెంటర్‌కో మనం ఫోన్ చేసినప్పుడు ఆ పిలుపు సాధారణంగా నేరుగా వాళ్ళ ఎక్స్ఛేంజి దాకా వెళ్ళదు. మధ్యలో ఒక యంత్రం దాన్ని ఆపి, చూసి, తిరగరాసి లోపలికి పంపుతుంది. దాని పేరు సెషన్ బోర్డర్ కంట్రోలర్. టెలికాం వాళ్ళ నోట ఎస్‌బీసీ. ఇంటర్నెట్ టెలిఫోనీకి ప్రమాణాలు రాసిన పెద్దల పటంలో ఇది లేనే లేదు. పుట్టాక కూడా చాలా ఏళ్ళు వాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు. అయినా ఇవాళ వ్యాపార సంస్థల ఫోన్ మాటకు భద్రత అంటూ ఉందంటే అందులో పెద్ద వాటా దీనిదే. ప్రమాణాలు ముందు రాసి యంత్రం తరవాత చేయడం టెలికాం లోకపు అలవాటు. ఇక్కడ అవసరమే యంత్రాన్ని కన్నది, ప్రమాణాలు దాని వెనక నడిచాయి.

కథ నిజానికి ఒక ఈలతో మొదలవుతుంది. గత శతాబ్దం మధ్యలో అమెరికాలో దూరప్రాంతపు ఫోన్ లైను ఖాళీగా ఉందని రెండు ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి చెప్పుకోవడానికి 2600 హెర్ట్జ్ ధ్వనిని వాడేవి. మనుషులు మాట్లాడే తీగమీదే ఆ ధ్వనీ నడిచేది. 1954లో బెల్ సంస్థ తన సాంకేతిక పత్రికలోనే ఆ విధానాన్ని వివరంగా అచ్చు వేసింది. జో ఎంగ్రెసియా అనే అంధ బాలుడికి స్వరజ్ఞానం అపారం. సరిగ్గా ఆ స్థాయిలో ఈల వేస్తే లైను తెగిపోతోందని, ఆ తరవాత ఎక్స్ఛేంజి తన మాట వింటుందని అతను కనిపెట్టాడు. ఆ పని చేసే చిన్న పరికరాలకు బ్లూ బాక్సులని పేరు వచ్చింది. 1971 అక్టోబరులో ఎస్క్వైర్ పత్రిక ఈ సంగతంతా రాసింది. అది చదివి స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ బ్లూ బాక్సులు తయారు చేసి అమ్మారు, ఆపిల్ ఇంకా పుట్టకముందు.

లోపం ఎక్కడుందో ఇంజనీర్లకు తెలుసు. మాట నడిచే దారిలోనే ఆజ్ఞ కూడా నడుస్తోంది. మాట్లాడే వాడి చేతికే ఎక్స్ఛేంజిని శాసించే అధికారం దొరుకుతోంది. అందుకే రెండింటినీ విడదీశారు. పిలుపును కలిపే సంకేతాలకు వేరే దారి వేశారు. 1980లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన సిగ్నలింగ్ సిస్టమ్ 7 ఆ వేరు దారే. ఆ దారిలోకి చందాదారుడు అడుగు పెట్టలేడు. టెలికాం సంస్థలు మాత్రమే ఒకదాన్నొకటి నమ్ముకుని అందులో మాట్లాడుకుంటాయి. ఆఫీసులకు పీఆర్‌ఐ లైను వేసినప్పుడు కూడా అంతే. ఒక ఈ1 తీగ మీద 30 మంది ఒకేసారి మాట్లాడొచ్చు, ఆ తీగ రెండో కొస టెలిఫోన్ కంపెనీ భవనంలో ఉంటుంది, ప్రపంచంలో మరెవరూ దాన్ని ముట్టుకోలేరు. రాగి తీగే కాపలా కాసింది.

ఆ కాపలాను ఇంటర్నెట్ తీసేసింది. మాటను ప్యాకెట్లుగా ముక్కలు చేసి పంపే ప్రయోగం 1974 ఆగస్టులోనే ఆర్పానెట్ మీద జరిగింది. సామాన్యుడి చేతికి అది 1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ సంస్థ వోకల్‌టెక్ తెచ్చిన ఇంటర్నెట్ ఫోన్‌తో వచ్చింది. మరుసటి ఏడాది టెలికాం లోకం హెచ్.323 అనే ప్రమాణం రాసుకుంది. దానికి పోటీగా ఇంటర్నెట్ లోకం ఇంకోటి రాసింది, చివరికి గెలిచింది అదే: సెషన్ ఇనీషియేషన్ ప్రోటోకాల్, సిప్. మార్క్ హ్యాండ్లీ, హెనింగ్ షుల్జ్రిన్, ఈవ్ స్కూలర్, జొనాథన్ రోజెన్‌బర్గ్ పేర్లతో 1999 మార్చిలో అది వెలువడింది. 2002 జూన్‌లో దాన్ని పూర్తిగా తిరగరాశారు. ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే ఆ పత్రం మీదే ఇప్పటికీ వ్యాపార ఫోన్లు నడుస్తున్నాయి.

సిప్ చూడడానికి ఈమెయిల్ లాగా ఉంటుంది. మామూలు అక్షరాల్లో, కంటితో చదవగలిగేలా ఉంటుంది. రమ్మని పిలిచేది ఇన్వైట్, ముగించేది బై. తెలివంతా రెండు కొసల్లోని ఫోన్లలో ఉండాలి, మధ్యలోని నెట్‌వర్క్ ఊరికే మోయాలి అన్నది ఇంటర్నెట్ పుట్టుకలోనే ఉన్న సూత్రం. సిప్‌ను ఆ సూత్రం మీదే కట్టారు. ఆ సూత్రం అందంగా ఉంటుంది, దాని వల్లే ఎవరి అనుమతీ అడక్కుండా కొత్త కొత్త సేవలు పుట్టుకొచ్చాయి. కాని దాని వెనక ఒక నమ్మకం ఉంది: రెండు కొసలూ ఒకదాన్నొకటి నేరుగా చూడగలవు, చూడాలనే కోరుకుంటాయి అని. సిప్ బజారుకు వచ్చేసరికి ఆ రెండూ నిజం కాకుండా పోయాయి.

మొదటిది చెడింది చిరునామాల కరువు వల్ల. ఐపీ చిరునామాలు అయిపోతున్నాయని 1994లో నాట్ అనే ఉపాయం పత్రంగా వచ్చింది. ఆఫీసులో వంద ఫోన్లున్నా లోపల వాటికి 192.168 తో మొదలయ్యే సొంత చిరునామాలు ఉంటాయి, బయటికి వెళ్ళేటప్పుడు రౌటర్ వాటన్నిటికీ ఒకే బయటి చిరునామా తగిలిస్తుంది. వెబ్ పేజీలకు ఇది సరిపోయింది, ఫోన్‌కు సరిపోలేదు. ఎందుకంటే సిప్ తన చిరునామాను ప్యాకెట్ పైనే కాదు, లోపలి వాక్యాల్లో కూడా రాస్తుంది: “నాకు మాట పంపాలంటే 192.168.10.25 కి, 16392 పోర్టుకి పంపు” అని. ఆఫీసు గుమాస్తా కవరు మీది అడ్రసు మార్చి, లోపలి ఉత్తరంలో “నాకు జవాబు వంటింటి పక్క గదికి రాయి” అన్న వాక్యాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో, ఇక్కడా అదే అయింది. ఫోన్ మోగేది, ఎత్తేవాళ్ళు. ఒకరి మాట వినపడేది, రెండోవారిది వినపడేది కాదు. ఐపీ ఫోన్లు పెట్టిన ప్రతి ఆఫీసులో ఐటీ వాళ్ళు తల పట్టుకున్న ‘వన్‌వే ఆడియో’ జబ్బు ఇదే.

రెండోది చెడింది వ్యాపారం వల్ల. రెండు టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్కులను సిప్‌తో కలుపుకుంటే, ప్రతి పిలుపులోనూ అది దాటి వచ్చిన సర్వర్ల పేర్లన్నీ ‘వయా’ అనే వరసల్లో ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. పోటీదారుడికి మన ఇంటి పటం ఇచ్చినట్టే. ఎవరికెన్ని నిమిషాలు మోసుకెళ్ళామో లెక్క కట్టే చోటు కూడా లేదు. మాట ప్యాకెట్లు సర్వర్‌ను తాకకుండా ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా వెళ్ళిపోతుంటే పిలుపు ఎప్పుడు ముగిసిందో కంపెనీకి నికరంగా తెలిసేది ఎలా?

ప్రమాణాల సంఘం చూపిన వైద్యం ఫోన్ల చేతే వాటి బయటి చిరునామా కనిపెట్టించడం. 2003లో స్టన్ అనే పద్ధతి వచ్చింది. పూర్తి పరిష్కారంగా చెప్పుకునే ఐస్ 2010 దాకా ప్రమాణంగా రాలేదు. నెలాఖరుకు బిల్లులు పంపాల్సిన కంపెనీలు అన్నేళ్ళు ఆగలేవు. ఈ సందులోకే ఎస్‌బీసీ వచ్చింది.

2000 ఆగస్టులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆండీ ఓరీ, ప్యాట్రిక్ మెలాంపీ కలిసి ఆక్మీ ప్యాకెట్ అనే సంస్థ పెట్టారు. జసోమీ, కగూర్, నెట్‌రేక్, నెక్స్‌టోన్, బ్రిటన్‌లో న్యూపోర్ట్ నెట్‌వర్క్స్ వంటివి అదే బాటలో వచ్చాయి. ఒక్కొక్కరూ తమ పెట్టెకు ఒక్కో పేరు పెట్టుకున్నా, చివరికి సెషన్ బోర్డర్ కంట్రోలర్ అన్న పేరు నిలిచింది. ఆ చిన్న సంస్థల్లో కొన్నిటిని పెద్దవి కొన్నేళ్ళలోనే కొనేశాయి: 2005లో కగూర్‌ను జునిపర్, 2006లో నెట్‌రేక్‌ను ఆడియోకోడ్స్. ఆక్మీ మాత్రం సొంతంగా ఎదిగి 2006 అక్టోబరులో నాస్‌డాక్‌లోకి వెళ్ళింది. 2013లో ఒరాకిల్ దాన్ని సుమారు 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ప్రమాణాల్లో పేరే లేని పెట్టెకు అంత ధర పలికింది.

ఇంతకీ ఈ పెట్టె లోపల ఏం చేస్తుంది? ఒక్క పిలుపును పట్టుకుని చూద్దాం. ఆఫీసులో 192.168.10.25 చిరునామా ఉన్న ఫోన్ నుంచి ఇన్వైట్ బయల్దేరింది. ఎస్‌బీసీ దాన్ని ముందుకు తోసెయ్యదు. ఆ పిలుపును తనే అందుకుంటుంది, అక్కడితో ఆ పిలుపు ముగిసినట్టే. తరవాత తన పేరుతో కొత్త పిలుపు ఒకటి పుట్టించి రెండోవైపుకు పంపుతుంది. కొత్త దానిలో పాత వయా వరసలుండవు, ఒక్క ఎస్‌బీసీ చిరునామా ఉంటుంది, ఉదాహరణకు 203.0.113.5. ‘కాంటాక్ట్’ వరసలోనూ అదే. “మాట ఇక్కడికి పంపు” అన్న చోట కూడా తన చిరునామా, తను తెరిచిన పోర్టు రాస్తుంది. అవతలివాడికి మన ఆఫీసులో పది ఫోన్లున్నాయో పదివేలున్నాయో, ఏ కంపెనీ ఎక్స్ఛేంజి వాడుతున్నామో ఏదీ తెలియదు. అటు నుంచి వచ్చే పిలుపుకూ ఇదే మర్యాద. ఒక పిలుపు అనుకున్నది నిజానికి రెండు పిలుపులు, మధ్యలో అతుకు ఎస్‌బీసీ. ఇంజనీర్లు దీన్ని బీటూబీయూఏ అంటారు.

మాట ప్యాకెట్లు కూడా దాని గుండానే పోతాయి. మాటను అంకెలుగా మార్చే జీ.711 పద్ధతిలో మాట్లాడితే ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్, అంటే ఒకవైపు సెకనుకు 50, రెండువైపులా 100. వెయ్యి మంది ఒకేసారి మాట్లాడుతుంటే సెకనుకు లక్ష ప్యాకెట్లు వచ్చిపడతాయి, ప్రతిదానికీ అడ్రసు మార్చి పంపాలి. మాట ఒక కొస నుంచి ఇంకో కొసకు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ ఇబ్బంది పడుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం లెక్క. అందులో ఈ పెట్టె వాటా కంటికి కనపడనంత ఉండాలి. అందుకే తొలినాళ్ళ ఎస్‌బీసీల్లో ఈ పనికి ప్రత్యేకమైన చిప్పులుండేవి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రూపంలో మామూలు సర్వర్ మీద, క్లౌడ్‌లో కూడా నడుస్తోంది.

నాట్ వెనక ఉన్న ఫోన్ విషయంలో దీని ఉపాయం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఫోన్ తన గురించి రాసుకున్న చిరునామాను ఎస్‌బీసీ నమ్మదు. మొదటి మాట ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసి జవాబు మాటను అక్కడికే పంపుతుంది. అంతే, వన్‌వే ఆడియో పోయింది. ఇక రౌటర్లు కాసేపు మాటామంతీ లేకపోతే దారి మూసేస్తాయి కదా, దానికీ ఒక చిట్కా ఉంది. “నిమిషానికోసారి నీ హాజరు వేయించుకో” అని ఫోన్‌కు చెబుతుంది, ఆ హాజరును మాత్రం లోపలి సర్వర్‌కు గంటకోసారే పంపుతుంది. మన ఊళ్ళలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక పేటలోని వేల ఫోన్లు ఒకే క్షణంలో హాజరు కోసం ఎగబడతాయి. ఆ తాకిడి లోపలి సర్వర్‌ను కూల్చకుండా మెల్లమెల్లగా వదిలేది ఇదే. రద్దీ ఎంతున్నా 112 కు వెళ్ళే పిలుపును ముందు పోనివ్వడమూ దీని చేతే చేయించవచ్చు.

ఇంత చేసినా ప్రమాణాల సంఘంలో దీనికి మన్నన దక్కలేదు. కొసల మధ్య దూరి సందేశాలను తిరగరాసే యంత్రం వాళ్ళ సూత్రానికి పూర్తిగా విరుద్ధం. 2010 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5853 వెలువడింది. ఎస్‌బీసీలను కంపెనీలు ఎందుకు పెట్టుకుంటున్నాయో, వాటి వల్ల సిప్ ఎక్కడెక్కడ విరుగుతోందో అందులో పక్కపక్కనే రాశారు. వాళ్ళ అభ్యంతరాలు ఉత్తుత్తివి కావు. అర్థం కాని వరస కనిపిస్తే ఎస్‌బీసీ తీసిపారేస్తుంది, దాంతో కొత్త సదుపాయాలు దారిలోనే చచ్చిపోతాయి. అది కూలితే దాని గుండా నడిచే ప్రతి పిలుపూ కూలుతుంది. మధ్యలో నిలబడింది కనక అన్నీ వినగలదు.

2006లో ఫోన్ చేసేవారి గుర్తింపుకు డిజిటల్ సంతకం పెట్టే ప్రమాణం ఒకటి వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 4474. ఆ సంతకం సందేశం లోపలి “మాట ఇక్కడికి పంపు” అన్న వాక్యాన్ని కూడా కలుపుకుని లెక్క కట్టేది. ఎస్‌బీసీ ఆ వాక్యాన్ని మార్చగానే సంతకం చెల్లేది కాదు. ఆ ప్రమాణం వాడుకలోకి రాకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. ఈలోగా నంబరు మార్చి ఫోన్ చేసే మోసగాళ్ళు అమెరికాను ముంచెత్తారు. సిప్ రచయితల్లో ఒకరైన షుల్జ్రిన్, అమెరికా టెలికాం నియంత్రణ సంస్థకు ముఖ్య సాంకేతిక అధికారిగా కూడా పనిచేశారు. కొత్త ప్రయత్నానికి సమస్యను వివరిస్తూ 2014లో వచ్చిన పత్రం రాసినవారిలో ఆయనా ఉన్నారు. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8224 సంతకం ప్రధానంగా ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్నవాటి మీదే ఉంటుంది. ఎస్‌బీసీ చిరునామాలు మార్చినా అది చెరగదు. అమెరికాలో పెద్ద టెలికాం కంపెనీలు 2021 జూన్ 30 నుంచి దాన్ని పాటించాల్సి వచ్చింది. పటంలో లేని పెట్టె ఉందని ఒప్పుకుని ప్రమాణాన్నే దానికి తగ్గట్టు తిరగరాశారు. ఇంతకన్నా పెద్ద గుర్తింపు దానికి ఇంకేం కావాలి?

దొంగల వైపు నుంచి చూస్తే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఎడ్విన్ పెనా అనే మయామీ వ్యాపారి చౌకగా ఫోన్ నిమిషాలు టోకున అమ్మేవాడు. ఆ నిమిషాలు అతనివి కావు. స్పోకేన్‌లోని ఒక కుర్రాడి చేత కంపెనీల నెట్‌వర్కుల్లో తెరిచి ఉన్న పోర్టులు వెతికించి, ఇతర ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు తమ పిలుపులకు ముందు తగిలించుకునే రహస్య అంకెలను లక్షల పిలుపులు పంపి ఊహించి పట్టుకుని, కోటికి పైగా నిమిషాలు వాళ్ళ మీదుగా మళ్ళించాడు. 2006లో అరెస్టయ్యాడు, బెయిలు మీద పారిపోయాడు, మెక్సికోలో దొరికాడు. 2010లో పదేళ్ళ శిక్ష పడింది. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన పెట్టెలే తనకు దారి ఇచ్చాయని ఆ కుర్రాడు తరవాత పత్రికలకు చెప్పాడు.

ఈ దొంగతనం ఇప్పుడు ఇంకో రూపం తీసుకుంది. పిలుపు వచ్చినప్పుడల్లా ఆదాయంలో వాటా ఇచ్చే నంబర్లు కొన్ని దేశాల్లో దొరుకుతాయి. దొంగ ముందు అలాంటి నంబర్లు సంపాదిస్తాడు. శుక్రవారం రాత్రి ఏదో ఆఫీసు ఎక్స్ఛేంజిలోకి దూరి సోమవారం పొద్దున దాకా ఆ నంబర్లకు ఫోన్లు కలుపుతూనే ఉంటాడు. బిల్లు ఆఫీసుకు, వాటా దొంగకు. పొలిమేరలో ఎస్‌బీసీ ఉంటే, ఒకే చిరునామా నుంచి పదేపదే పాస్‌వర్డ్ తప్పుగా వస్తోందని చూసి ఆ మనిషికి జవాబే ఇవ్వకుండా మానేస్తుంది. ఏయే దేశాలకు ఫోన్లు పోవచ్చో, ఒకేసారి ఎన్ని పోవచ్చో హద్దు పెడుతుంది. మామూలు ఫైర్‌వాల్‌కు ఇది చేతకాదు. దానికి ప్యాకెట్ తెలుసు గాని పిలుపు తెలియదు. ప్రతి పిలుపుకూ మాట కోసం కొత్త పోర్టు తెరవాలి కనక ఫైర్‌వాల్‌లో వేల పోర్టులు పర్మినెంటుగా తెరిచి పెట్టాల్సి వస్తుంది. ఎస్‌బీసీ పిలుపు మొదలైనప్పుడు ఆ ఒక్క పోర్టు తెరిచి, బై రాగానే మూసేస్తుంది.

రహస్యం సంగతికి వస్తే, సిప్ మొదట్లో అన్నీ బట్టబయలుగానే పంపింది. వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లోంచి ప్యాకెట్లు పట్టి, బటన్ నొక్కి ఆ సంభాషణను వినవచ్చు. 2004లో మాటను గుప్తపరిచే ఎస్‌ఆర్‌టీపీ వచ్చింది. సంకేతాలను టీఎల్‌ఎస్‌లో చుట్టి 5061 పోర్టు మీద పంపే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ 2018లో తన టీమ్స్‌ను బయటి ఫోన్ లైన్లకు కలపడానికి దారి తెరిచినప్పుడు, ధ్రువీకరణ పొందిన ఎస్‌బీసీ మధ్యలో ఉండాలని, రెండు వైపులా సర్టిఫికెట్లు చూపాలని షరతు పెట్టింది. చాలా ఆఫీసులకు ఈ పెట్టె పేరు అప్పుడే తెలిసింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒకవైపు గుప్తంగా, ఇంకోవైపు మామూలుగా నడిచే పిలుపును కలపాలంటే ఎస్‌బీసీ దగ్గర మాట తాళం విప్పుకుంటుంది. అక్కడ చెవి పెట్టగలిగిన వాడికి అన్నీ వినపడతాయి. చట్టప్రకారం నిఘా కోసం ప్రభుత్వాలు కోరే ఏర్పాటూ తరచు ఇక్కడే ఉంటుంది. 2005లో గుర్తించిన ఏథెన్స్ ఉదంతం మర్చిపోకూడదు. గ్రీసులో వోడాఫోన్ ఎక్స్ఛేంజిలోని చట్టబద్ధ నిఘా సదుపాయాన్నే ఎవరో దొంగచాటుగా వాడుకుని, ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. అది ఎస్‌బీసీ కాదు, మొబైల్ స్విచ్. ప్రమాదం మాత్రం ఒకటే. అందుకే ఈ పెట్టె యాజమాన్య పేజీ ఎవరి చేతిలో ఉంది, దాని సాఫ్ట్‌వేర్ ఎప్పుడు అప్‌డేట్ చేశారు, లాగ్‌లు ఎవరు చూస్తున్నారు అన్నవి చిల్లర విషయాలు కావు.

మన దేశంలో దీని పని కాస్త భిన్నం. ఇంటర్నెట్ టెలిఫోనీని 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించినా, కంపెనీ సొంత ఐపీ లైన్ల మీద వచ్చిన పిలుపును మామూలు ఫోన్ నెట్‌వర్క్‌లోకి తోసి ఛార్జీలు ఎగ్గొట్టడం ఇప్పటికీ నేరమే. హైదరాబాదు కాల్ సెంటర్లలో అమెరికా నుంచి ఐపీ మీద వచ్చే పిలుపులూ, ఇక్కడి ఫోన్ లైన్లూ కలవకుండా చూడాల్సింది ఈ పొలిమేరలోనే. 2020 మార్చి 13న టెలికాం శాఖ ఇంటినుంచి పనికి నిబంధనలు సడలించింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న వాళ్ళు సొంత ఊళ్ళకు వెళ్ళి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌ఫోన్‌తో మాట్లాడారు. ఒక్కో ఇంటిదీ ఒక్కో రౌటర్, ఒక్కో నాట్. అమెరికా కస్టమర్‌కు తేడా తెలియకుండా ఆ పిలుపులన్నిటినీ భద్రంగా లోపలికి చేర్చడంలో ఈ పెట్టెలు గట్టిగా పనికొచ్చాయి. అదే ఏడాది నవంబరులో కాల్ సెంటర్ల రంగానికి టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ నిబంధనే ఎత్తేశారు.

అంతకు ముందే ఇది మన జేబుల్లోకీ వచ్చింది. 2016 సెప్టెంబరులో 2జీ, 3జీ లేకుండా కేవలం 4జీ మీద జియో మొదలైనప్పుడు ప్రతి మాటా సిప్ పిలుపే అయింది. అలాంటి నెట్‌వర్కుల్లో ఫోన్‌ను మొదట పలకరించే పనిని చాలాచోట్ల ఎస్‌బీసీకే అప్పగిస్తారు. విదేశాల నుంచి భారతీయ నంబరు వేషంలో వచ్చే పిలుపులను సరిహద్దులోనే ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరు 22న ప్రారంభించింది. మొదటి 24 గంటల్లో ఆపినవి దాదాపు 1.35 కోట్లని ప్రభుత్వమే ప్రకటించింది. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ పెద్దవాళ్ళను బెదిరించిన మోసాలు గుర్తుకు తెచ్చుకుంటే పొలిమేరలో పరిశీలన ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఎస్‌బీసీ ఉంటే చాలు అనుకుంటే మాత్రం పొరపాటు. 2021 సెప్టెంబరులో కెనడాకు చెందిన వాయిప్.ఎమ్ఎస్ అనే ఫోన్ సంస్థ మీద ఇంటర్నెట్ రద్దీ దాడి జరిగింది. డబ్బిస్తే ఆపుతామన్నారు. రోజుల తరబడి దాని ఖాతాదారుల ఫోన్లు సరిగా పనిచేయలేదు. ఎస్‌బీసీ దాకా వచ్చే ఇంటర్నెట్ లైనే నిండిపోతే ఎస్‌బీసీ ఏమీ చేయలేదు. ఆ పని ఇంకా ముందు, ఇంటర్నెట్ కంపెనీ దగ్గరే జరగాలి.

పెద్ద సంస్థలకు ఈ సంగతులన్నీ తెలుసు, చూసుకోవడానికి మనుషులూ ఉన్నారు. నా బెంగంతా చిన్నవాటి గురించి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇరవై ఫోన్లున్న నర్సింగ్ హోమ్, ట్రావెల్స్ ఆఫీసు, చిట్‌ఫండ్ కంపెనీ పీఆర్‌ఐ తీసేసి, సిప్‌తో నడిచే ఫోన్ లైను, అంటే సిప్ ట్రంక్ తీసుకుంటున్నాయి. ఉచితంగా దొరికే ఆస్టరిస్క్ ఎక్స్ఛేంజిని ఎవరో వచ్చి పెట్టి వెళ్తారు, 5060 పోర్టు లోకానికంతటికీ తెరిచే ఉంటుంది, 101 ఎక్స్‌టెన్షన్‌కు 101 అనే పాస్‌వర్డ్ ఉంటుంది. మీ ఆఫీసుదీ అలాంటిదే అయితే ఈ వారమే మూడు పనులు చేయండి. ఎక్స్ఛేంజిని నేరుగా ఇంటర్నెట్ మీద ఉంచకండి, మీ సిప్ ట్రంక్ కంపెనీని అడిగి వాళ్ళ ఎస్‌బీసీ వెనకో, సొంతంగా ఒకటి పెట్టుకునో నడపండి. ఖరీదైనదే కానక్కర్లేదు, కమైలియో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలిసినవాళ్ళు చక్కగా కట్టి ఇస్తారు. విదేశీ పిలుపులు అవసరం లేకపోతే ఆపించండి, ఉంటే రోజుకు ఇంతకు మించి బిల్లు కాకుండా హద్దు పెట్టించండి. పాస్‌వర్డులన్నీ మార్చండి. బిల్లు వచ్చాక కంపెనీతో వాదించడం కన్నా ఇది చాలా చౌక.